కనబడకపోతే తగ్గినట్టేనా?

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీస్తే ఈల వినిపిస్తుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు కుక్కర్ అనుకుని స్టవ్ వైపు చూస్తారు. కుక్కర్ కాదు, మా లడ్డూ. కొత్తిమీర కట్ట బయటికి వస్తోందని దానికెలా తెలుస్తుందో తెలీదు. హాల్లో మూలనున్న గూట్లోంచి ‘వీక్... వీక్...’ అంటూ ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుంది.

లడ్డూ ఓ గినీ పిగ్. పేరులో పంది ఉందిగానీ పంది కాదు. గినీ దేశంతో సంబంధమూ లేదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో పుట్టిన జాతి. చూడ్డానికి చెవులు చిన్నవైపోయిన కుందేల్లా ఉంటుంది. 2023 వేసవి సెలవుల్లో మా పాప పోరు పడలేక తెచ్చాం. అప్పటికి దానికి పదేళ్లు.

మా అత్తయ్యగారికి మాత్రం అది మొదటిరోజు నుంచీ పందికొక్కే. ‘‘ఊళ్లో బోను పెట్టి పట్టేవాళ్లం. మీరేమో డబ్బులిచ్చి కొనుక్కొచ్చి, కీరాదోసకాయ ముక్కలు కోసి పెడుతున్నారు’’ అనేవారు. ఇంగ్లిషులో బాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచే పుట్టిందని మా వారు ఆవిడకి గొప్పగా చెప్పారు. ‘‘మాట ఇచ్చాం కదా, చాలదూ? ఇల్లు కూడా ఇవ్వాలా?’’ అన్నారావిడ.

ఇవి గుంపుగా బతికే జీవాలనీ, ఒక్కటే ఉంటే దిగులు పడతాయనీ తెలిసి జూన్ నెలాఖర్లో రెండోదాన్ని తెచ్చాం. దాని పేరు బూందీ. రెండూ ఆడవే. కొత్తగా వచ్చినదాన్ని రెండు మూడు వారాలు విడిగా ఉంచి, జబ్బేమీ లేదని చూసుకున్నాకే కలపాలట. అది మాకు ఆలస్యంగా తెలిసింది. ఆ సాయంత్రమే రెండింటినీ ఒక గూట్లో వదిలేసి, అవి ముక్కూ ముక్కూ రాసుకుంటుంటే ముచ్చటపడి ఫొటోలు తీసుకున్నాం.

మూడు వారాలు గడిచేసరికి వానలు పట్టుకున్నాయి. ఓ రోజు బూందీ ముక్కు మీద శనగగింజంత మేర బొచ్చు ఊడి కనిపించింది. చర్మం పొడిబారి పొట్టు లేస్తోంది. నాలుగు రోజుల్లో కంటి చుట్టూ, చెవి మొదట్లో కూడా అలాగే అయింది.

ఇంట్లో తలో వైద్యమూ మొదలైంది. మెట్టతామర ఆకు నూరి రాయమన్నారు అత్తయ్యగారు. మొన్న జ్వరానికి తెచ్చిన యాంటీబయాటిక్ మిగిలింది కదా, చిన్న ముక్క నీళ్లలో కలిపి పడదాం అన్నారు మా వారు. అదృష్టం, రెండూ చేయకముందే జంతువుల డాక్టరు దగ్గరికి వెళ్లాం.

డాక్టరమ్మ ఆ రెండు వైద్యాలూ విని తల పట్టుకున్నారు. ‘‘ఒంటికి ఏది పూసినా ఇవి నాకేస్తాయి. ఇక పెన్సిలిన్ రకం మందులు నోట్లో పోశారంటే పేగుల్లో ఉండే మంచి సూక్ష్మజీవులు చచ్చి, జంతువు ప్రాణానికే ముప్పు’’ అన్నారు. తర్వాత కొత్త టూత్ బ్రష్ ఒకటి తీసి బూందీ బొచ్చంతా దువ్వారు. ఆ బ్రష్‌ని ఓ చిన్న పళ్లెంలోని పసుపుపచ్చ జిగురు మీద అద్దారు. అందులో బూజు పెరిగి, పసుపు కాస్తా ఎర్రగా మారితే జబ్బు ఖాయమని అనుకోవచ్చట. ఫలితానికి రెండు వారాలు పడుతుందన్నారు. ఊదారంగు దీపం కింద పెట్టి చూస్తే తెలిసిపోతుందంటారు కదా అని మా వారు అడిగారు. పిల్లుల్లో వచ్చే ఒక రకం బూజు అలా మెరుస్తుందిగానీ, గినీ పిగ్‌లకు ఎక్కువగా సోకే ట్రైకోఫైటాన్ రకం మెరవదట. మెరవలేదని జబ్బు లేదనుకోకూడదన్నారు. ఆ మాట అప్పుడు నా చెవికెక్కలేదు.

ఇంగ్లిషులో దీన్ని రింగ్‌వార్మ్ అంటారుగానీ అందులో పురుగూ లేదు, పుట్రా లేదు. అదొక బూజు. మనం తామర అంటాం. ఎంత చిత్రమైన మాటో చూడండి. కొలనులో పూస్తే దేవుడి పాదాల దగ్గర పెడతాం. ఒంటిమీద పూస్తే చొక్కా కింద దాస్తాం.

బరువు తూచి, దాన్నిబట్టి నోట్లో వేసే మందు రాశారు. మచ్చల మీద రాయడానికి క్రీమ్ ఇచ్చారు. ‘‘కనీసం 6 వారాలు వాడాలి. బొచ్చు వచ్చేసిందని మధ్యలో మానొద్దు. లడ్డూకి ఏమీ కనబడకపోయినా దానికీ వాడాలి. ఇది మనుషులకీ అంటుతుంది, ముఖ్యంగా పిల్లలకి. చేతులు కడుక్కోవాలి’’ అని మరీ మరీ చెప్పారు.

ఆ రాత్రి మా చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతూ, ‘‘ఇది గనక పిల్లకి అంటిందంటే మర్నాడే రెండింటినీ దుకాణంలో ఇచ్చేసి వస్తా’’ అన్నాను. పక్కనే కూర్చుని పాప హోంవర్క్ చేసుకుంటోంది. తల ఎత్తలేదు.

మూడో వారానికి బూందీ ముక్కు మీద నూగులాంటి బొచ్చు మొలిచింది. పరీక్షలో జబ్బు ఖాయమైందనీ, మందు కొనసాగించమనీ ఫోన్ వచ్చింది. కానీ నా కళ్లెదుట జంతువు చక్కగా ఉంది. రోజూ దాన్ని తువ్వాల్లో చుట్టి, ముందు పళ్ల పక్కనుంచి సిరంజితో మందు పట్టించడం ఓ పెద్ద యుద్ధం. మానేశాను. లడ్డూకైతే అసలు మొదలే పెట్టలేదు.

సెప్టెంబరు మొదట్లో లడ్డూ వీపు మీద రూపాయి బిళ్లంత మచ్చ తేలింది. మిగిలిన క్రీమే దానికి రాస్తూ వచ్చాను. డాక్టరమ్మకు ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదు.

ఆ నెల 18న వినాయక చవితి. పాపకి పొట్టి చేతుల జాకెట్టుతో పట్టుపరికిణీ కుట్టించాను. వేసుకోనంది. పండగపూట పేచీ ఏమిటని కసిరితే, పొడుగు చేతుల టీషర్ట్ వేసుకుని పూజకొచ్చి కూర్చుంది. ఉక్కపోతకి చెమటలు కారిపోతున్నాయి. అనుమానమొచ్చి, చెయ్యి పట్టుకుని టీషర్ట్ పైకి లాగాను. మోచేతి పైన ఎర్రటి అంచుతో గుండ్రటి మచ్చ. గోకి గోకి పుండు చేసుకుంది.

‘‘ఎన్నాళ్లయిందే?’’ అన్నాను.

‘‘వాటిని ఇచ్చేయనంటేనే చెప్తా’’ అంది.

నెల దాటిందట. రాత్రిళ్లు దురద ఆగక, నాకు తెలియకుండా బాత్రూములోకి వెళ్లి చన్నీళ్లు పోసుకునేదట.

ఆ క్షణాన నాకు నా హాస్టల్ గుర్తొచ్చింది. ఇంటర్ చదివేటప్పుడు నా నడుము దగ్గర తామర వచ్చింది. అంతకుముందే మా గదిలో ఇంకో అమ్మాయికి వస్తే, ఆ పిల్ల బకెట్టూ మగ్గూ వేరు చేశారు. అందరి స్నానాలూ అయ్యాక వెళ్లమన్నారు. అది చూసి నేను నోరెత్తలేదు. వేసవి సెలవులకు ఇంటికొచ్చేదాకా దాచాను. అప్పటికి అది నడుం చుట్టూ పాకింది. ఆ కష్టం తెలిసినదాన్నే కదా, నా కూతురి ముందే అంత మాట ఎలా అన్నానా అనిపించింది.

అయినా బుద్ధి వచ్చిందనుకునేరు, రాలేదు. పండగ రోజు ఆసుపత్రులుండవని, ఇంట్లో ఎప్పటిదో ఒక ట్యూబ్ ఉంటే రాశాను. మూడు రోజుల్లో ఎరుపు పోయింది, దురద ఆగింది. ‘‘చూశావా, ఎంత తేలికో’’ అన్నాను పాపతో. పది రోజుల తర్వాత ఆ మచ్చ చెయ్యంత వెడల్పయింది. అంచు ఎక్కడో తెలియడం లేదు. మెడ మీద ఇంకొకటి వచ్చింది.

చర్మం డాక్టరుగారు ట్యూబ్ మీద అక్షరాలు చదివి, ‘‘ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా. ఎరుపునీ దురదనీ అణిచేస్తుంది. బూజుకి మాత్రం అడ్డే ఉండదు, హాయిగా పాకుతుంది’’ అన్నారు. స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. కానీ మన ఇంట్లోనే పాత ట్యూబ్ ఉంటే ఏ నిబంధన ఆపుతుంది? స్టెరాయిడ్ లేని క్రీమ్ రాసిచ్చారు. మచ్చ మీదే కాదు, అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర రాయాలి. మచ్చ మాయమయ్యాక కూడా మరో రెండు వారాలు రాయాలి.

అక్కణ్నుంచి నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. చేసిన నిర్వాకమంతా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. ‘‘చాలామంది చేసేది ఇదే. ఈసారి పిల్లకీ, రెండు జంతువులకీ, ఇంటికీ ఒకేసారి వైద్యం మొదలుపెట్టండి’’ అన్నారు.

ఇంటికి వైద్యమేమిటంటారా? రాలిన బొచ్చులోని బూజు బీజాలు ఏడాదికి పైగా కూడా బతకగలవట. చెక్క గూడు కడిగినా లాభం లేదని పారేశాం. జంతువుల్ని వేరే గదిలోకి మార్చి, ముందు బొచ్చంతా తడిగుడ్డతో ఎత్తేసి, ప్లాస్టిక్ ట్రేని సబ్బుతో కడిగాం. ఆ తర్వాత ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, పది నిమిషాలు నాననిచ్చి, మంచినీళ్లతో కడిగి ఎండబెట్టాం. కింద పరిచే గుడ్డలు విడిగా వేడినీళ్లలో ఉతికాం. పాప తువ్వాలు, దువ్వెన వేరు చేశాం. అయితే మా అందరివీ వేరు చేశాం. దానిది మాత్రమే కాదు.

ఫ్రిజ్ తలుపుకి ఓ కాగితం అంటించాం. అందులో మూడు గడులు: లడ్డూ, బూందీ, పాప. రోజూ మందు వేశాక టిక్కు పెట్టాలి. టిక్కులు పెట్టే పని పాపదే. ఆదివారం వంటింటి తూకం మీద రెండింటినీ తూచి, బరువు రాసేది. మనలాగే గినీ పిగ్ ఒంట్లోనూ విటమిన్ సి తయారు కాదని డాక్టరమ్మ చెప్పడంతో రోజూ కాప్సికం ముక్కలు పెట్టడం అత్తయ్యగారి వంతయింది. ‘‘పందికొక్కులకి కాప్సికం కూడానా’’ అని గొణుగుతూనే, గింజలు తీసి సన్నగా తరిగేవారు. గుడ్డలు ఎండలో వేయడమూ ఆవిడే తీసుకున్నారు. డాబా మీద ఆవిడ గుడ్డలు తిరగేస్తుంటే, కింది వాటావాళ్లు అప్పడాలు పెట్టారా అని అడిగారు.

దీపావళి వచ్చేసరికి పాప చెయ్యి శుభ్రపడింది. గినీ పిగ్‌ల ఒంటి మీదా మచ్చ లేదు. అయినా కాగితం మీద టిక్కులు ఆగలేదు. 6 వారాలయ్యాక మళ్లీ టూత్ బ్రష్, మళ్లీ పసుపుపచ్చ పళ్లెం. రెండు వారాలు చూసినా ఎర్రబడలేదు. ఇంకోసారి చూశారు. అప్పుడూ ఎర్రబడలేదు. డిసెంబరు చివర్లో డాక్టరమ్మ ‘‘ఇక మందు ఆపండి’’ అన్నాక ఆపాం. నా కళ్లు చెప్పినందుకు కాదు.

జంతువుల వల్ల పిల్లకి జబ్బొచ్చిందని మొదట్లో అందరితో అన్నాను. నిజమే, వాటినుంచే వచ్చింది. కానీ ఒక శనగగింజంత మచ్చ ఐదు నెలల పాటు ఇల్లంతా తిరిగింది మాత్రం నావల్ల. బొచ్చు మొలిస్తే తగ్గిందనుకున్నాను. ఎరుపు పోతే తగ్గిందనుకున్నాను. పిల్ల ఏమీ చెప్పకపోతే ఏమీ లేదనుకున్నాను.

పాపతో ఓ రోజు కూర్చుని, హాస్టల్లో నేను దాచిన సంగతి చెప్పాను. ఒంట్లో ఏం వచ్చినా చెబితే, చెప్పినందుకు ఏదీ పోగొట్టుకోవని మాటిచ్చాను. అది కాసేపు ఆలోచించి, ‘‘నానమ్మ చేత కూడా చెప్పించు’’ అంది. ఆవిడా మాటిచ్చారు.

మొన్న నేను పప్పు పోపు పెడుతుంటే పరుగెత్తుకొచ్చి చెయ్యి నా మొహం మీద పెట్టింది. ‘‘అమ్మా, ఇది దోమ కాటే. నాకు తెలుసు. అయినా చూపిస్తున్నా.’’

స్టవ్ ఆపి, వెలుతురులోకి తీసుకెళ్లి చూశాను. దోమ కాటే.