ఎవరికెన్ని దినముల విశ్రాంతి?

మా ఇంట ఆటల సంగతి పెద్దగా మాట్లాడుకోము. మిరప కోతలు, పత్తి తీతలు, మందుల కొట్టు బాకీలు, ఆదివారపు ఆరాధన, ఇవే మా మాటలు. అయితే పోయిన ఏడు ఫిబ్రవరిలో మా సంఘపు యౌవనస్థుల కూటములకు కబడ్డీ పోటీలు పెట్టినప్పుడు జరిగిన ఒక చిన్న సంగతి మమ్మల్ని ఇంకను విడువలేదు. దానిని చదువరులతో చెప్పుకోవాలని చాలా దినములుగా అనుకుంటున్నాము.

ఆ పోటీలకు తేదీలు, వేళలు నిర్ణయించినది మేమే. మొదటి సెమీఫైనలు గురువారము సాయంత్రము, రెండవది శుక్రవారము రాత్రి, ఫైనలు శనివారము నాలుగు గంటలకు. ముఖ్య అతిథిగా పిలిచిన దైవజనునికి శనివారము తప్ప తీరిక లేదు. ఆదివారము మా సంఘములో ఆటలు ఆడనివ్వరు. గురువారము గెలిచినవారు ఊరిలోని కాలేజీ పిల్లలు. శుక్రవారము గెలిచినవారు తూర్పు పేటలోని కూలి పిల్లలు. ఆ రాత్రి కరెంటు పోయి, ఆట తొమ్మిదిన్నరకు మొదలై పదకొండు దాటిన తరువాత ముగిసింది. మరునాడు ఫైనలులో కాలేజీ పిల్లలు వారిని చిత్తుగా ఓడించారు.

బహుమతులు పంచి బెంచీలు సర్దుకొనుచుండగా ఓడిన జట్టు కెప్టెను మా దగ్గరకు వచ్చాడు. "ఓడిపోయినందుకు బాధ లేదు బాబాయ్. రాత్రి పదకొండింటిదాకా ఆడాము. తెల్లవారి ఆరింటికల్లా మీ చేలోనే కాయ కోశాము. మీకు తెలుసు గదా" అన్నాడు. కోపముతో అనలేదు. అందుకే ఎక్కువగా గుచ్చుకున్నది.

నిజమే. పండిన కాయ చెట్టుమీద ఉండగా మబ్బు పట్టింది. శనివారము కోతకు రమ్మని ఆ పేటకు కబురు పెట్టినది మేమే. ఆటల వేళలు వేసినది మేమే, కోత పెట్టినదీ మేమే. రెండింటిని కలిపి చూచుకొనవలెనని మాకు తోచనే లేదు. తెలిసి చేసిన అన్యాయము కాదని మమ్మును మేము సమాధానపరచుకున్నాము గాని, ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో మాటలు సరిగా రాలేదు.

హైదరాబాదులో ఉద్యోగము చేసే మా చిన్నవాడికి ఫుట్‌బాల్ పిచ్చి. ఫోనులో ఈ సంగతి చెబితే, "పెద్ద పెద్ద పోటీలలోనూ ఇదే తగువు నాన్నా" అని లెక్కలు చెప్పాడు. ఇండియన్ సూపర్ లీగులో 2022 సెమీఫైనళ్లు రెండు విడతలుగా జరిగాయి. కేరళ జట్టు తన రెండవ విడత ఆటను మార్చి 15న ముగించింది. హైదరాబాదు జట్టు 16న ముగించింది. ఫైనలు మార్చి 20న, గోవాలో. అంటే కేరళవారికి నడుమ నాలుగు దినములు దొరికితే హైదరాబాదువారికి మూడే. రెండు సెమీఫైనళ్లను రెండు వేరు సాయంత్రములలో పెట్టినప్పుడు ఎవరో ఒకరికి ఒక దినము తగ్గక తప్పదు. అయినను ఆ ఫైనలు 1-1గా నిలిచి, పెనాల్టీలలో హైదరాబాదు 3-1తో గెలిచింది. గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను ఆపాడు. (ఆ ఫైనలు ఆదివారము రాత్రి. మావాడు సాయంకాల ఆరాధనకు వెళ్లాడా అని అడిగితే మాట మార్చాడు.)

మరుసటి ఏడు నియమము మార్చారు. పట్టికలో మొదటి రెండు స్థానములవారు నేరుగా సెమీఫైనలుకు పోయారు. మూడు మొదలు ఆరు వరకు నిలిచినవారు ముందుగా ఇంకొక ఆట ఆడి గెలవవలసి వచ్చింది. హైదరాబాదు రెండవ స్థానములో నిలిచింది. ఫిబ్రవరి 26న చివరి లీగు ఆట ఆడి, మార్చి 9న సెమీఫైనలుకు దిగింది. నడుమ పది దినములు. ఎదురు నిలిచిన మోహన్ బగాన్ జట్టు మార్చి 4న ఒక ఆట ఆడి, నాలుగు దినముల విరామముతోనే వచ్చింది. రెండు విడతలలోను ఎవరూ గోలు చేయలేదు. చివరకు పెనాల్టీలలో మోహన్ బగాన్ గెలిచింది, ఆ ఏటి కప్పు కూడా వారిదే. హైదరాబాదు జట్టయితే 2025లో ఢిల్లీకి తరలిపోయింది.

ఇది విని మా ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన, "చూశారా, విశ్రాంతి తక్కువైనవారే గెలిచారు. మీరు ఊరకే మనసు పాడుచేసుకుంటున్నారు" అన్నారు. మాకట్లు తోచలేదు. ఆ ఆటగాళ్లకు వైద్యులున్నారు, మంచి తిండి ఉన్నది, నడుమ దినములలో వారిని ఎవరూ మిరప చేలోకి పిలువరు. అటువంటివారికే రెండు ఆటల నడుమ కనీసము 72 గంటలు ఉండాలని ఆటగాళ్ల సంఘములు ఎంతో కాలముగా అడుగుచున్నవి. 2025 జూలైలో ఫీఫా కూడా ఆ మాటను ఒప్పుకున్నది. మా తూర్పు పేట పిల్లలకు దొరికినవి 17 గంటలు. వాటిలో సగము మా చేలోనే గడిచినవి.

ఇంకొక తేడా కూడా మాకు కనబడింది. 2023లో హైదరాబాదుకు దొరికిన విశ్రాంతి ఏడాదంతా ఆడి సంపాదించుకున్నది. నియమము అందరికీ ముందే తెలుసు. మా ఊరిలో కాలేజీ పిల్లలకు దొరికిన దినము ఎవరూ సంపాదించినది కాదు. మా వీలును బట్టి, అతిథి వీలును బట్టి వారి ఒడిలో పడింది. పాపము, అది తమకు దొరికినదని ఆ పిల్లలకు కూడా తెలియదు.

ఎరిక్ లిడెల్ సంగతి మన సండే స్కూలు పిల్లలందరికీ తెలుసు. 1924 పారిస్ ఒలింపిక్సులో ఆదివారము పరుగెత్తనని 100 మీటర్ల పందెము వదులుకొని, 400 మీటర్లలో బంగారు పతకము గెలిచాడు. ఆయన తన విశ్రాంతి దినమును కాపాడుకున్నాడు. మేము కూడా మా ఆదివారమును భద్రముగానే కాపాడుకుంటున్నాము. నిర్గమకాండము 23వ అధ్యాయము 12వ వచనము తెరచి చూస్తే అక్కడ ఎద్దు, గాడిద, దాసి కుమారుడు, పరదేశి కనబడుచున్నారు. యజమాని ఆగవలెననుటకు అక్కడ చెప్పిన కారణము వారు ఊపిరి తీసుకొనుటయే. ఎన్నిమార్లు చదివినా ఆ వరుసలో మమ్మును మేము యజమాని స్థానములో చూచుకొనలేదు.

మన ప్రాంతములో ఈ మాట కొత్తది కాదు. 1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చిన తరువాత రక్షణలోనికి వచ్చిన తొలి విశ్వాసులు, మాదిగపల్లెల కూలి జనము, ఆదివారము పనికి రామన్నందుకు ఊరి పెద్దల చేత ఎన్ని బాధలు పడ్డారో మన పెద్దలు చెప్పగా విన్నాము. వారు పట్టుబట్టి సంపాదించిన దినము అది. ఆ పేట పిల్లలు వారి మనుమల మనుమలే. గుంటూరు మిర్చి యార్డు శని, ఆదివారములు మూసి ఉంటుంది. యార్డుకు రెండు దినములు సెలవు, కాయ కోసే చేతులకు ఆదివారమైనా దొరికితే గొప్ప.

ఈ ఏడు వేళలు వేయుటకు కూర్చున్నప్పుడు ఆ పేటనుండి ఇద్దరిని పిలిచాము. వారు అడిగిన మొదటి ప్రశ్న, "కోతలు ఏ రోజు ఉన్నాయి?" అని. అతిథి గురించి ఒక్క మాటైనా అడుగలేదు. రెండు సెమీఫైనళ్లు ఒకే సాయంత్రము, పక్కపక్క బరులలో పెట్టాము. నడుమ రెండు దినములు విడిచి ఫైనలు పెట్టాము. దైవజనుని తీరిక కుదరక ఈసారి మా పాస్టరుగారే బహుమతులిచ్చారు.

ఆ రెండు దినములు మా చేలో కోత పెట్టలేదు. రెండవ రాత్రి జల్లు పడింది, కొంత కాయ తాలుగా మారింది. తాలు కాయ యార్డులో ఏ ధరకు పోతుందో రైతు సోదరులకు చెప్పనక్కరలేదు. మేమిద్దరము గట్టుమీద నిలువబడి చాలాసేపు చూచాము, ఏమీ మాట్లాడుకోలేదు. తూర్పు పేట పిల్లలు ఈసారి కూడా ఓడిపోయారు, రెండు పాయింట్ల తేడాతో. కెప్టెను మా దగ్గరకు వచ్చి, "సోమవారము కోతకు ఎంతమంది కావాలి బాబాయ్?" అని అడిగాడు.