కల్లం డబ్బుతో కంప్యూటర్ పాట

మా ఇంటికి డబ్బు నెలనెలా రాదు. పత్తి తీతలప్పుడు కొంత, గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి అమ్మకం పట్టీ చేతిలో పెట్టాక కొంత. మిగతా నెలలు ఎరువుల కొట్లో ఖాతా మీదా, నూటికి రెండు రూపాయల వడ్డీ మీదా నడుస్తాయి. పర్చూరు వైపు నల్లరేగడి ఊళ్లలో చాలా ఇళ్ల లెక్క ఇదే. అందుకే కంప్యూటర్లో పాటలు కట్టడం నేర్చుకోవాలనుకున్నప్పుడు, ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని వాకబు చేసేకంటే ముందు దాని బిల్లు ఎన్నిసార్లు వస్తుందో చూశాను.

నెలవారీ చందా సాఫ్ట్‌వేర్ నా దృష్టిలో కౌలు. కడుతున్నంతకాలం పొలం మనదే, ఆపిన రోజు గట్టు దిగాలి. నెలజీతం వచ్చేవాళ్లకు అది కుదురుతుందేమో, ఏడాదికి రెండుసార్లు డబ్బు చూసేవాడికి కుదరదు. చందా ఆగితే, అప్పటిదాకా కట్టిన పాటల్ని అందులో తెరిచి దిద్దుకునే వీలు కూడా పోతుంది.

మా వైపు కుర్రాళ్ల నోట ఎక్కువగా వినబడే పేరు ఎఫ్ఎల్ స్టూడియో. బెల్జియం కంపెనీ ఇమేజ్‌లైన్‌ది, 1997లో ఫ్రూటీలూప్స్ పేరుతో మొదలైంది. ఒకసారి కొంటే తర్వాతి వెర్షన్లన్నీ ఉచితం. ఆ పద్ధతి నాకు నచ్చింది. కానీ ట్రయల్లో దాచుకున్న పాటను కొనేదాకా మళ్లీ తెరవనివ్వదు. నేర్చుకునేవాడికి అది పెద్ద ఇబ్బంది. క్రాక్ వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో ఊరికే దొరుకుతుంది. బ్యాంకు పని చేసుకునే కంప్యూటర్లో, ఎవరో తాళం విరగ్గొట్టిన ప్రోగ్రామును ఎక్కించడానికి మనసొప్పలేదు. ధర్మం సంగతి అటుంచినా, ఖాతాలో డబ్బుకు అది మంచిది కాదు.

నేను రీపర్ తీసుకున్నాను. ఒకప్పుడు మనందరం పాటలు విన్న విన్‌యాంప్ రాసిన జస్టిన్ ఫ్రాంకెల్‌ది ఇది. పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. 60 రోజులు ఏ పనికీ అడ్డు చెప్పకుండా వాడి చూడనిస్తుంది. గడువు దాటాక కూడా తలుపు మూయదు, తెరిచినప్పుడల్లా డబ్బు సంగతి గుర్తుచేస్తుంది, అంతే. సొంతానికి వాడుకునేవాళ్లకూ, ఏడాది రాబడి 20,000 డాలర్లు దాటని చిన్న స్టూడియోలకూ లైసెన్సు 60 డాలర్లు, పెద్దవాళ్లకు 225.

నేను కొన్నది 2023లో. డాలరు 82 రూపాయల దగ్గరుంది కాబట్టి 4,900 చిల్లర. దానిమీద విదేశీ మారకం పేరుతో బ్యాంకు వేసే రెండు మూడు శాతం. విదేశీ కంపెనీలు మనకు అమ్మే డిజిటల్ సరుకు మీద 2017 జూలై నుంచి 18 శాతం జీఎస్టీ కూడా ఉంది. వెబ్‌సైట్లో కనబడే ధరలో అది కలిసిందో లేదో కార్డు నంబరు కొట్టకముందే చూసుకోవాలి. కార్డు మీద విదేశీ లావాదేవీలు మనం అడిగితే తప్ప తెరిచి ఉండవు. 2020లో రిజర్వు బ్యాంకు తెచ్చిన ఆ కట్టడి తెలియక, కార్డు పాడైందనుకునేవాళ్లున్నారు.

అప్పట్లో మిర్చి క్వింటా ఇరవై వేలు దాటి పలుకుతోంది. యార్డు లెక్కలో నా లైసెన్సు సగం మిర్చి టిక్కీకి (బస్తాకు) కాస్త పైన. “మళ్లీ అమ్మితే ఎంతొస్తుందిరా?” అన్నాడు నాన్న. “ఏమీ రాదు నాన్నా.” ఆయన ఇంకేం మాట్లాడలేదు గానీ, ఆ ప్రశ్నే తర్వాతి కొనుగోళ్లకు నాకు కొలత అయింది. మైకు, దాన్ని కంప్యూటరుకు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ వాడినవి దొరుకుతాయి, మళ్లీ అమ్మితే కొంత తిరిగొస్తుంది. వాటిని సెకండ్‌హ్యాండులో తీసుకున్నాను. స్పీకర్ల బదులు హెడ్‌ఫోన్సుతో సరిపెట్టాను.

మైకు విషయంలో షాపువాళ్లు కండెన్సర్ రకం వైపు లాగుతారు. దానికి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టులు ఇవ్వాలి, పైగా గదిలో ప్రతి చప్పుడూ వింటుంది. పక్కనే బోరు మోటారు, వీధిలో ట్రాక్టరు ఉన్న ఇంట్లో డైనమిక్ మైకే నయం. గదిలో ప్రతిధ్వనికి మాత్రం మా ఊళ్లోనే మందుంది. ఇంట్లో మూలపడిన దూది పరుపులు, బొంతలు గోడలకు వేలాడదీశాను. గొంతులోని గణగణ తగ్గింది. గుడుగుడుమనే మంద్రాన్ని దూది అంతగా పీల్చదు, బయటి చప్పుడునూ ఆపదు. అందుకే రికార్డింగు రాత్రి పదింటి తర్వాతే. నురుగు పలకలకు పెట్టాల్సిన డబ్బు కరెంటు పోయినా పని చెడకుండా యూపీఎస్‌కు పెట్టాను.

రీపర్‌తో వాద్యాలు పెద్దగా రావు. సర్జ్ ఎక్స్‌టీ, స్పిట్‌ఫైర్ ల్యాబ్స్ లాంటి ఉచితమైనవి సింథసైజర్‌కూ తీగ వాద్యాలకూ చాలు. డప్పు దగ్గర మాత్రం విదేశీ శాంపిళ్లు కొనలేదు. ఊళ్లో వాయించేవాళ్లను పిలిచి, కూలి ఇచ్చి రికార్డు చేశాను. ఆ దెబ్బ ఏ డాలర్ల ప్యాకులోనూ దొరకదని నా గట్టి నమ్మకం.

రాబడి వచ్చేది క్రిస్మస్ ముందర సంఘాలవాళ్లు చేయించుకునే పాటల ట్రాకుల మీదా, శివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు కట్టే ఊళ్ల పాటల మీదా. మొదటి క్రిస్మస్‌కే లైసెన్సు డబ్బు తిరిగొచ్చింది. సినిమా బాణీకి మాటలు మార్చి ఇవ్వమంటే ఒప్పుకోను. ఆ బాణీ హక్కు వేరొకరిది. 2012లో కాపీరైటు చట్టం సవరించాక రచయితకూ సంగీత దర్శకుడికీ రాయల్టీలో వాటా గట్టిపడింది. సొంత బాణీ అయితే ఆ వాటా మనకే వస్తుంది, దాన్ని వసూలు చేసి ఇవ్వడానికి 1969 నుంచి ఐపీఆర్ఎస్ అనే సంఘం ఉంది.

2025లో మిర్చి ధర కూలింది. కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ఆ ఏడు మా ఇంట్లో కొత్త ఖర్చులన్నీ ఆగిపోయాయి. చందా కడుతూ ఉంటే మొదట కోత పడేది దానికే. నాకు కట్టాల్సిందేమీ లేదు కాబట్టి పని సాగింది.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే బంగారం తాకట్టు పెట్టి సామాను కొనకండి. రీపర్ ఊరికే ఇచ్చే ఆ 60 రోజుల్లో ఒక్క పాట మొదటినుంచి చివరిదాకా పూర్తి చేయండి. పూర్తయితే పట్టీ డబ్బు వచ్చిన నెలలో లైసెన్సు కొనండి. కాకపోతే ఆ అయిదు వేలు విత్తనాల డబ్బులో కలపండి.