ఏడుగురము భావనపాటికి

కనుమనాడు కాకియైనను కదలదని మన వైపు పెద్దల మాట. కావున కనుమ గడచి, ముక్కనుమయు గడచిన మరునాటి ఉదయమున విజయనగరమునుండి భావనపాటికి బయలుదేరితిమి. బయలుదేరు ముందు ఒక చిత్రము జరిగినది. వీధితలుపునకు వేయుటకు ఇంట తాళము లేదు. ఉన్నదేమో యని అలమరలన్నియు వెదకితిమి, కనబడలేదు. ఆలోచించి చూడగా, ఈ ఇంటికి మేము కాపురమునకు వచ్చిన నాటినుండి ఇంటిల్లపాది ఒక్కమారు బయటికి పోయిన దినమే లేదు. ఎవరో ఒకరు లోపలనుండి గడియ వేసికొనుచునే యుండిరి. మా వారు అప్పటికప్పుడు అంగడి తెరిపించి క్రొత్త తాళము తెచ్చిరి.

భావనపాడు మా అత్తగారి పుట్టినూరు. శ్రీకాకుళము జిల్లా సంతబొమ్మాళి మండలమున సముద్రపుటొడ్డున నున్న చేపల రేవు. విజయనగరమునకు 150 కిలోమీటర్ల లోపే. అంత దగ్గరి పుట్టింటికి ఆమె పోయి ఎన్నియేండ్లో అయినది. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఆ వైపు కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలబడినవి. ఆమె తమ్ముని ఇంటి పైకప్పును ఎగిరిపోయినది. ఆయన మరల కట్టుకొన్న ఇంటిని ఈమె కన్నులార చూచి యుండలేదు.

ఎందుకు చూడలేదనగా, మోకాళ్ళ నొప్పితో రెండు బస్సులు, ఒక ఆటో మారుట ఆమెకు సాధ్యము కాదు. ఇంట కారు లేకపోలేదు. గాని అది అయిదుగురికి. ఇంట మేము ఏడుగురము. నడుపువారు మా వారు, ప్రక్కన మామగారు, పిల్లలిద్దరిని విడిచిపోరాదు, మిగులునది ఒక్క చోటు. దానికి అత్తగారు, ఆడుబిడ్డ, కోడలు, ముగ్గురు. ఇట్టి లెక్క ఎట్లు తేలునో సోదరీమణులకు చెప్పనక్కర లేదు. "నేను ఇంట నుందును, మీరు పోయి రండమ్మా" అని అత్తగారే ముందుగా అనెడివారు. తమ్ముని గృహప్రవేశమునాడును ఆ మాటయే అనిరి. అద్దె బండి ప్రస్తావన వచ్చినప్పుడెల్ల రానుపోను ఖర్చు లెక్క కూడ వచ్చి, ప్రస్తావన అక్కడనే ఆగిపోయెడిది.

నిరుడు మేము బంగారమునకై కట్టుచుండిన చీటీని పాడి, మిగిలినదానికి బ్యాంకు ఋణము పెట్టి, పాత బండిని అమ్మి, ఒకరు వాడి విడిచిన ఏడాసనముల పెట్రోలు బండిని కొంటిమి. దాని పేరు ఇచట వ్రాయము. వ్రాసినచో ప్రకటనవలె నుండును. బంగారమా బండియా యని ఇంట పది దినములు వాదము జరిగినది. బంగారము పక్షమున గట్టిగా నిలిచినది మేమే యని ఒప్పుకొనుచున్నాము.

నాలుగు మీటర్లకు లోబడిన పొడవులో మూడు వరుసల ఆసనము లెట్లు ఇరికించిరో యని మొదట మాకు ఆశ్చర్యమయ్యెను. దీనికి కారణము సుంకము. 2006 కేంద్ర బడ్జెటులో పొడవు నాలుగు మీటర్లకును, పెట్రోలు ఇంజను 1200 ఘన సెంటీమీటర్లకును మించని బండ్లకు ఎక్సైజు సుంకమును 24 శాతమునుండి 16 శాతమునకు తగ్గించిరి. పన్ను విధానము మారినను ఆ గీత చెరిగిపోలేదు. 2025 సెప్టెంబరు 22నుండి గీతకు లోపలి పెట్రోలు బండ్లకు 18 శాతము, గీత దాటినవానికి 40 శాతముగా జి.ఎస్.టి. నిర్ణయమైనది. 2012లో వచ్చిన ఎర్టిగా ఆ గీత దాటిన బండి. 2019లో వచ్చిన ట్రైబరు 3990 మిల్లీమీటర్ల పొడవుతో లోపలనే నిలిచినది. ఏడాసనములును వేసి యుంచినప్పుడు దీనిలో సామానునకు మిగులునది 84 లీటర్ల చోటని తయారుచేసినవారే చెప్పుదురు. అనగా పదునైదు లీటర్ల నూనెడబ్బాలు అయిదింటికి మించి పట్టదు. వెనుక వరుసను తీసివేసినచో అదే చోటు 625 లీటర్లగును. మనుష్యులైనను పట్టవలె, సామానైనను పట్టవలె, రెండును పట్టవు. ఈ తరగతి బండ్లన్నిటికిని ఇదే ధర్మము. వెనుకటి అంబాసిడరులో తొమ్మిదిమందిని కూర్చుండబెట్టి, పైన పరుపుచుట్ట కట్టెడివారు గదా యని మామగారు ఆక్షేపించిరి. నిజమే, గాని 2014లో దాని తయారీయే నిలిచిపోయినది. నడుమునకు పట్టీ కట్టుకొనుట అప్పుడు ఎవరికిని తెలియదు.

రెండు రాత్రులకై మేము సర్దిన సామాను మూడు పెట్టెలు. వెనుక తలుపు పడలేదు. ఒక పెట్టెను విప్పి, బట్టలను సంచులలో కుక్కి కాళ్ళక్రింద పెట్టితిమి. అరిసెల డబ్బా మాత్రము మా ఒడిలోనే భావనపాటి దాక వచ్చినది.

కూర్చుండు వరుస నిర్ణయమైన విధము చెప్పదగినది. అత్తగారు అలవాటు చొప్పున వెనుకకు నడచిరి. మామగారు ముందు తలుపు తెరచి పట్టుకొని, "కాళ్ళు చాపుకొనవలసినది నీవు, ముందు కూర్చుండుము" అనిరి. ఆమె రెండుమార్లు వలదని, తుదకు కూర్చుండిరి. మామగారును పిల్లలును నడుమ. మేమును ఆడుబిడ్డయు చివర.

ఆ చివరి వరుసనుగూర్చి దాపరికము లేక వ్రాయుదుము. అందులోనికి పోవుటకు నడిమి ఆసనమును మడచి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి, తల వంచి దూరవలెను. నేల ఎత్తుగా నుండుటచే పీటమీద కూర్చున్నట్లు మోకాళ్ళు రొమ్మునకు వచ్చును. అద్దము దిగదు. చల్లగాలి వచ్చుటకు మార్గమున్నది గాని ముందువారికి చలివేసిన పిదపనే మనకు తగులును. గంటన్నరసేపు సుఖమే, రెండవ గంటలో ఆడుబిడ్డ మాటలాడుట మానినది. నరసన్నపేటలో ఆగి, పిల్లలను వెనుకకు, మమ్ములను నడిమికి మార్చుకొంటిమి. పిల్లలకు ఆ మూల గూడువలె నుండి మిక్కిలి నచ్చినది. అయితే ఆ వరుసకును వెనుక తలుపునకును నడుమ జానెడు చోటు మాత్రమే యుండును. అచట పట్టీ కట్టక పిల్లలను కూర్చుండబెట్టరాదు. ఒడిలో కూర్చుండబెట్టుకొనుట అంతకంటె కీడు.

నడక విషయము. నాతవలసవద్ద పెద్దరోడ్డు ఎక్కు వరకు భేదము తెలియలేదు. ఎక్కిన పిదప తెలిసినది. ఏడుగురి బరువు నాలుగు వందల కిలోలు దాటును. చిన్న పెట్రోలు ఇంజను వడిగా తిరిగినప్పుడే బలము చూపును. మెల్లగా తిరుగుచుండగా మీట త్రొక్కినచో మూలుగును గాని ముందునకు సాగదు. మార్గమున కొండలు లేవు. ఊళ్ళపై కట్టిన ఎత్తు వంతెనలే కొండలు. ఒక్కొక్క వంతెన మొదట మా వారు ఒక గేరు తగ్గించుచుండిరి. పైడిభీమవరము దాటినపిమ్మట ఒక లారీని దాటబోయి, సగము దూరములో ఎదురు తెన్ను చూచి వెనుకకు తగ్గిరి. ఒంటరిగా నున్నప్పుడు దాటగల చోట ఏడుగురితో దాటలేము. ఆగునప్పుడును బండి కొంత దూరము సాగి ఆగును. దీనిని తెలిసికొన్నవారికి ఆ బండి వలన చిక్కు లేదు. 80 కిలోమీటర్ల వేగమున హాయిగా పోయెను. నిండు బరువునకు టైర్లలో గాలి ఎంత యుండవలెనో డ్రైవరు తలుపు దగ్గరి చీటీపై వ్రాసియుండును. ముందునాడే ఆ ప్రకారము గాలి పట్టించుట మంచిదయ్యెను.

నాగావళి దాటితిమి. మడపాము వద్ద వంశధార దాటునప్పుడు అత్తగారు అద్దము దింపించి చేతులు జోడించిరి. అక్కడినుండి ఆమె మాటల ధోరణియే మారినది. కోటబొమ్మాళి వచ్చినది, అదిగో టెక్కలి, ఆ ప్రక్కన రావివలసలో పైకప్పు లేక ఎండకు ఎండుచు వానకు తడియు ఎండల మల్లికార్జునుడు. ప్రతి మలుపును ఆమెయే ముందు చెప్పుచుండగా మా వారు ఫోనులోని దారి చూపు గొంతును ఆపివేసిరి. నౌపడాలో ఉప్పుమళ్ళు ఇరువైపుల అద్దముల వలె మెరయుచుండెను. సముద్రపు నీటిని కాలువలగుండ తెచ్చి, ఒక మడినుండి మరియొక మడికి మార్చుచు, ఎండకు చిక్కబరచి ఉప్పు తీయుదురు. చిన్నతనమున ఈ గట్లవెంట నడచి రైలు చూడ వచ్చెడివారమని అత్తగారు చెప్పగా, ఆమె రైలు చూడ పరుగెత్తిన పిల్లయని మాకు అదియే మొదట తెలియుట.

ఊరి రోడ్డుపై గతుకులవద్ద బండి అడుగు రెండుమార్లు నేలకు రాచుకొన్నది. నిండు బరువున స్ప్రింగులు దిగి, నేలకును బండికిని ఎడము తగ్గును. మూడవ గతుకువద్ద ఆడుబిడ్డయు మేమును దిగి నడచితిమి.

"అప్పా! అందరూ వచ్చినారేటి!" అని తమ్ముడు వాకిటికి పరుగెత్తుకొని వచ్చెను. అత్తగారు బదులు చెప్పలేదు. క్రొత్త ఇంటి గోడను అరచేతితో తడిమి, గది గదియు చూచి, పెరటిలోనికి పోయిరి. తుఫానుకు పడిపోయిన చెట్ల చోట నాటిన కొబ్బరిమొక్కలు కొన్ని ఆమెకంటె ఎత్తు పెరిగియున్నవి. అక్కడ చాలసేపు నిలుచుండిరి. మేము పిలువలేదు.

సాయంకాలము సముద్రమునకు పోయినప్పుడు మా వారు అత్యుత్సాహమున రోడ్డు చివర విడిచి ఇసుకలోనికి బండి పోనిచ్చిరి. నడుపు చక్రములు ముందువి, బరువంతయు వెనుక. ముందు చక్రములు పట్టు దొరకక అక్కడనే తిరిగి ఇసుక త్రవ్వుకొన్నవి. ఎంత త్రొక్కినను అంత లోతునకు దిగెను. ఆరుగురము దిగితిమి. పడవలవద్ద నున్న కుర్రవాండ్రు వచ్చి, చక్రములక్రింద తాటాకులు పరచి, పడవను త్రోయునట్లు హైలెస్సా యని ఒక్క ఊపున గట్టెక్కించిరి. "ఇది పడవ కాదు బావూ" అని వారిలో నొకడు అనగా మామగారు ఎవరికంటెను ఎక్కువగా నవ్విరి.

తీరము మారుచున్నది. 2023 ఏప్రిల్ 19న ఈ మండలముననే మూలపేటవద్ద ఓడరేవునకు శంకుస్థాపన జరిగినది. మొదట దానికి భావనపాటి పేరే వాడుకలో నుండెడిది. తాను ఆడుకొన్న ఒడ్డు మనుమలకు ఏ రూపున మిగులునో యని అత్తగారు అనిరి. ఆ సంజవేళ పిల్లలిద్దరిని చెరియొక చేతను పట్టుకొని మోకాళ్ళ నొప్పి మరచి అలలదాక నడచిరి.

తిరుగు ప్రయాణమున తేలినీలాపురములో ఆగితిమి. చలికాలమున గూడబాతులును ఎర్రకాళ్ళ కొంగలును అచటి చెట్లపై గూళ్ళు కట్టుకొని పిల్లలను పెంచును. ఒక్కొక్క చెట్టుపై ఎన్ని గూళ్ళో! మా బండికంటె ఇరుకున సర్దుకొన్నవని ఆడుబిడ్డ అనినది.

తమ్ముడు ఇచ్చిన కొబ్బరికాయల బస్తా పట్టలేదు. డజను కాయలను ఆసనములక్రింద దొర్లించి, మిగిలినవి విడిచితిమి. మలుపు తిరిగినప్పుడెల్ల అవి కాళ్ళకు తగులుచునే యుండెను. ఎండుచేపల పొట్లము వాసన బండిలో మరి వారము దినములుండెను. పెట్రోలు లెక్క చూడగా 290 కిలోమీటర్లకు 20 లీటర్లు పట్టినది. ఇద్దరమే పోయినప్పుడు ఇంతకంటె తక్కువ పట్టును.

ఇల్లు చేరునప్పటికి రాత్రి తొమ్మిది గంటలైనది. పిల్లలు నిద్రలో నుండిరి. వీధిలో దీపము లేదు. తాళపుచెవి యెవరి వద్ద నున్నదని మా వారు అడుగగా, అత్తగారు కొంగు చూపిరి. దారిపొడుగున బిగిసిపోయిన ఆ ముడిని చీకటిలో విప్పుటకు మేము ముగ్గురము కొంతసేపు కుస్తీ పట్టితిమి.