జాతకాలు కలిసినంత మాత్రాన

విజయవాడనూ గుంటూరునూ కలిపేసి ఒకే మహానగరం చెయ్యాలని కొన్నేళ్ల కిందట ఒక పత్రికలో పెద్ద వ్యాసం రాశాను. అప్పుడు నా దగ్గరున్నవి ఒక మ్యాపు, ఒక స్కేలు, బోలెడంత ఉత్సాహం. పెళ్లిళ్ల పేరయ్యలా రెండు ఊళ్ల జాతకాలూ ముందేసుకుని గుణాలు లెక్కపెట్టాను. అటు రైల్వే జంక్షను, ఆటోనగర్, హోల్‌సేల్ బజార్లు. ఇటు మిర్చి యార్డు, కాలేజీలు, ఆసుపత్రులు. నడుమ ముప్పై చిల్లర కిలోమీటర్లు. ఒకరికి లేనిది ఇంకొకరికి ఉంది గనక సంబంధం ఖాయమన్నాను. మధ్యలో ఉన్న మంగళగిరి, పక్కనున్న తెనాలి నా వ్యాసంలో కట్నం కింద వచ్చాయి.

ఆదర్శ దంపతులుగా చూపించింది కర్ణాటకలోని హుబ్బళ్లి-ధార్వాడను. ఒకటి వ్యాపారానికీ రైళ్లకూ పెట్టింది పేరు. రెండోది విశ్వవిద్యాలయం, హిందుస్తానీ సంగీతం, పేడా. మధ్య దూరం ఇరవై కిలోమీటర్లు. 1962లో ఒకే కార్పొరేషన్ కిందికి వచ్చాయి. ఇంతకన్నా మంచి జోడీ ఉంటుందా అని రాశాను. ధార్వాడ వాళ్లు ఏమనుకుంటున్నారో కనుక్కుందామని మాత్రం తోచలేదు. నిధులూ పెత్తనమూ హుబ్బళ్లివేనని వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు. చివరికి 2025 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం ధార్వాడకు వేరే కార్పొరేషన్ ఇవ్వడానికి నిర్ణయించింది. అరవయ్యేళ్లు దాటిన కాపురం!

నా కళ్లు తెరిపించింది మాత్రం ధార్వాడ కాదు, మన పక్క పల్లెటూరే. 2021లో మంగళగిరి, తాడేపల్లి మున్సిపాలిటీలను చుట్టుపక్కల పంచాయతీలతో కలిపి ఒక కార్పొరేషన్ చేశారు. నేను కలలుగన్న దాంట్లో ఒక ముక్క కళ్లెదుట జరుగుతోందన్న సంబరంతో, కలిసిన ఊళ్లలో ఒకదానికి వెళ్లాను. అక్కడ ఒక కూలీ పెద్దామెను కదిలించాను. ఆవిడ లోపలికెళ్లి ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచిన ఉపాధి హామీ జాబ్‌కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. మడతల దగ్గర చిరిగిపోతే అన్నం మెతుకులతో అతికించి ఉంది.

"మేం టౌనోళ్లమయ్యామంట సారూ. టౌనోళ్లకి ఈ పనులుండవంట. ఇదింక దేనికి పనికొస్తదో మీరన్నా చెప్పండి."

నా దగ్గర జవాబు లేదు. ఉపాధి హామీ గ్రామాలకు పెట్టిన పథకం. ఊరు కార్పొరేషన్ అయిన రోజున అందులోంచి బయటికి పోతుంది. ఇది నాకు తెలియని చట్టమేమీ కాదు. వ్యాసం రాసేటప్పుడు గుర్తురాలేదంతే. సర్పంచి ఇంటి అరుగు మీద తేలిపోయే పనికి ఇక ఎక్కడికెళ్లాలన్నది ఆవిడ రెండో ప్రశ్న. దానికీ నీళ్లు నమిలాను.

ఇంటికొచ్చి పాత వ్యాసం తీసి చదువుకుంటే సిగ్గేసింది. విజయవాడకు బుడమేరు గండం. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. ఆ వాగు నీళ్లు పోయేది కొల్లేటికి. గుంటూరుకూ దానికీ చుట్టరికమే లేదు. గుంటూరుకేమో వేసవి వస్తే తాగునీటి దిగులు. రెండు వేరు వేరు రోగాలకు ఒకే వైద్యుడన్నమాట నేను రాసింది. గుంటూరు బ్రాడీపేట లైన్లలో డ్రైనేజీ పొంగితే మొరపెట్టుకోవడానికి కృష్ణ దాటి వెళ్లాలా? ఆ మాటే నా వ్యాసంలో లేదు.

బుడాపెస్ట్ గురించి మాత్రం గొప్పగా రాశాను. బుడా, పెస్ట్, ఒబుడా 1873లో ఒక్కటయ్యాయని. బుడాకూ పెస్ట్‌కూ నడుమ డాన్యూబ్ మీద గొలుసు వంతెన 1849లోనే తెరిచారన్న సంగతి వదిలేశాను. ఇరవై నాలుగేళ్లు జనం ఇటూ అటూ తిరిగాక గానీ ఊళ్లు కలవలేదు. వరంగల్, హనుమకొండ, కాజీపేట సంగతీ అంతే. కాజీపేటలో రైలు దిగి, హనుమకొండలో పని చూసుకుని, వరంగల్ బజారులో సరుకు కొనుక్కునే మనిషికి ఎక్కడ ఏ ఊరు మొదలైందో పట్టదు. 2021లో హనుమకొండ, వరంగల్ పేర్లతో జిల్లాలు రెండయినా కార్పొరేషన్ ఒకటిగానే ఉంది.

కాగితం మీద కలిపితే అనకాపల్లిలా అవుతుంది. 2013లో విశాఖ కార్పొరేషన్‌లో చేర్చారు, 2022లో సొంత పేరుతో జిల్లా కేంద్రాన్ని చేశారు. ఆ బెల్లం మార్కెట్టు ఊరు ఇప్పుడు ఒక జిల్లాకు తల, ఇంకో నగరానికి తోక.

ఊళ్లను కలిపే ఆట నేనింకా మానలేదు, మానలేను కూడా. మ్యాపు బదులు బస్టాండులో కూర్చుని ఆడుతున్నానంతే. పొద్దున ఎక్కిన వాళ్లలో సాయంత్రం తిరిగొచ్చేవాళ్లు ఎందరు, ఎక్కడ దిగి ఏం కొన్నారు అని చూస్తున్నాను. ఇప్పుడు విజయవాడ, గుంటూరులను అమరావతితో కలిపి మెగాసిటీ అన్న మాట గట్టిగానే వినిపిస్తోంది. నన్నడిగితే విజయవాడకు ఈడూ జోడూ తాడేపల్లే. కృష్ణ మీది బ్యారేజీ దాటితే చాలు, పనికీ బజారుకీ సినిమాకీ తాడేపల్లి వాళ్లు బెజవాడ వస్తూనే ఉన్నారు. గుంటూరును దాని మానాన దాన్ని వదిలేసి, రెండింటి మధ్యా అర్ధరాత్రి దాకా బస్సులు నడిపితే చాలు.