కొల్లేటి గాలి... మండువా ఇల్లు

'అన్నయ్యా, కాస్త జాగా దొరికితే చాలు. రెండు గదులేసుకుంటా. కిటికీ తీస్తే నీళ్లు కనపడాలి, నెట్‌ రావాలి!'

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగం చేసే మా తమ్ముడి కోరిక ఇది. 2020 లాక్‌డౌన్‌లో ఇంటినుంచి పని అలవాటైంది వాడికి. ఇప్పటికీ నెలలో సగం రోజులు ఎక్కడున్నా ఫర్వాలేదు. అందుకే ఓ చలికాలం స్థలాల వేటలో పడ్డాం.

ముందు సముద్రం. పేరుపాలెం తీరం మనసు లాగేసింది. కానీ ఉప్పుగాలికి కిటికీ ఊచలే తుప్పు పడుతుంటే ఇక కంప్యూటర్‌ సంగతి చెప్పాలా! అక్టోబరు వచ్చిందంటే తుపాన్ల భయం. అలలకు దగ్గరగా కట్టాలంటే తీరప్రాంత నిబంధనలూ ఒప్పుకోవు.

మర్నాడు ఏలూరు నుంచి కైకలూరు రోడ్డెక్కాం. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో పరచుకున్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు... అన్నీ ఇందులోకే. సముద్రంలోకి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతుల్ని చూస్తూ తమ్ముడు భోజనం సంగతే మర్చిపోయాడు.

సాయంత్రం ఓ లంక ఊళ్లో చవగ్గా జాగా ఉందన్నారు. ఎదురుగా నీళ్లు, తామరాకులు. తమ్ముడి కళ్లు మెరిశాయి. పడవ కట్టేస్తున్న పెద్దాయన నవ్వాడు. 'సూడ్డానికి బానే ఉంటాదండి. కాంటూరు లోపలి భూవండిది. వరదొస్తే ఇక్కడ మోకాల్లోతు నీళ్లు.'

కాంటూరంటే సరస్సుకు గీసిన గీత. సముద్ర మట్టానికి అయిదు అడుగుల ఎత్తువరకూ, 308 చదరపు కిలోమీటర్ల మేర 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్‌ గుర్తింపు వచ్చింది. ఆ గీత లోపల తవ్విన చేపల చెరువుల గట్లను 2006లో తెగ్గొట్టారు. అలాంటిచోట ఇల్లు కట్టడమంటే నీళ్లకీ పక్షులకీ అడ్డం కూర్చోవడమే.

ఉసూరుమంటూ తాడేపల్లిగూడెం దగ్గరి మా ఊరు చేరాం. అమ్మ ఒక్కతే ఉంటున్న మండువా లోగిలి. వెతుకుతున్నదంతా అక్కడే ఉందని ఆ రాత్రే తట్టింది. ఎత్తయిన అరుగు, మందపాటి గోడలు, నాలుగువైపులా వాలిన బెంగుళూరు పెంకు, వేడిగాలిని పైకి పంపేసే మండువా. ఉత్తరం గదిలో బల్ల వేస్తే ఎండ తెరమీద పడదు. దోమలకి జాలీ తలుపులు, కరెంటు పోతే ఇన్వర్టరు, రెండు కంపెనీల నెట్‌. కొత్తగా కట్టాల్సింది ఓ బాత్‌రూమ్‌ మాత్రమే!

'ఈ ఇల్లు అమ్మేసి హైదరాబాద్‌ వచ్చేయమని మూడేళ్లుగా పోరావు కదరా' అంది అమ్మ, కాఫీ ఇస్తూ. వాడేం మాట్లాడలేదు. టేపు తీసుకుని గది కొలతలు మొదలుపెట్టాడు.

'మరి కిటికీలోంచి నీళ్లో?' అన్నాను.

'ఆదివారం ఆదివారం ఆటపాక వెళ్తా. చూసొస్తే చాల్లే!'

మీరూ వెళ్లాలనుకుంటే... నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ పక్షుల సందడి. ఏలూరు దాకా రైల్లో వచ్చి, కైకలూరు బస్సెక్కండి. ఆటపాక అక్కడికి దగ్గరే.