మూడు విమానాలు కాపాడిన దీవి... నిజమేనా?

మాల్టా రాజధాని వలెట్టా. రిపబ్లిక్‌ వీధి వెంట సముద్రం వైపు నడుచుకుంటూ వెళితే చివర్లో సెయింట్‌ ఎల్మో కోట వస్తుంది. తేనెరంగు సున్నపురాయి గోడలు, వాటి అవతల నీలి మధ్యధరా సముద్రం. కోటలోని జాతీయ యుద్ధ ప్రదర్శనశాలలోకి వెళ్లినవాళ్లంతా ఒకచోట తప్పకుండా ఆగుతారు. అక్కడ ఓ పాత విమానం ఉంటుంది. దానికి రెక్కల్లేవు. పైలట్‌ కూర్చునే చోటు చూస్తే, ఇంత చిన్నదాంట్లోనా యుద్ధం చేసిందీ అనిపిస్తుంది. దాని పేరు ‘ఫెయిత్‌’.

మాల్టాలో ఈ విమానం కథ తెలియని ఇల్లుండదు. 1940లో ఇటలీ వైమానిక దళం విరుచుకుపడితే దీవిని కాపాడటానికి ఉన్నవి మూడే మూడు పాత విమానాలట. వాటి పేర్లు ఫెయిత్‌, హోప్‌, చారిటీ. అంటే బైబిల్లోని విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ అసలు జరిగింది ఇంతకన్నా ఆసక్తికరం!

పెట్టెల్లోంచి ఆకాశంలోకి

ఇటలీకి చెందిన సిసిలీ నుంచి మాల్టాకు దూరం సుమారు 90 కిలోమీటర్లు. హైదరాబాద్‌ నుంచి నల్లగొండ వెళ్లినంత కూడా ఉండదు. దీవి పొడవు 27 కిలోమీటర్లే. బ్రిటన్‌కు అదో కీలకమైన నౌకాస్థావరం. అయినా 1940 జూన్‌ 10న ముస్సోలినీ యుద్ధం ప్రకటించేనాటికి అక్కడ చెప్పుకోదగ్గ ఫైటర్‌ దళమే లేదు.

ఉన్నవల్లా నౌకాదళం ‘గ్లోరియస్‌’ అనే విమానవాహక నౌక కోసం తెచ్చి, విడిభాగాలుగా పెట్టెల్లో ఉంచేసిన సీ గ్లాడియేటర్లు. వైమానిక దళ అధికారి మేనార్డ్‌ వాటిని అడిగి తీసుకుని బిగింపజేశారు. మరి నడిపేదెవరు? ఫైటర్‌ పైలట్లు లేరు. వేరే పనుల్లో ఉన్న పైలట్లే ముందుకొచ్చారు. వారిలో ఒకరైన జార్జ్‌ బర్జెస్‌ మేనార్డ్‌కు సహాయకాధికారి. అంతకుముందు ఆయన నడిపినవి నీటిమీద దిగే భారీ విమానాలు!

జూన్‌ 11 ఉదయం ఏడు గంటలకు ముందే తొలి బాంబు పడింది. సెయింట్‌ ఎల్మో కోట దగ్గర కాపలా ఉన్న ఆరుగురు మాల్టా సైనికులు చనిపోయారు. వారిలో ఒకరు పదహారేళ్ల కుర్రాడు. ‘ఫెయిత్‌’ ఇప్పుడున్నది ఆ కోటలోనే.

కాగితం మీద ఓటమే

లెక్కలు చూస్తే గ్లాడియేటర్‌ది మొదటే ఓటమి. రెండు జతల రెక్కలున్న ఆ విమానం గంటకు సుమారు 405 కిలోమీటర్ల వేగం దాటదు. ఇటలీ వారి మకీ-200 వేగం దాదాపు 500. అంటే తేడా గంటకు 95 కిలోమీటర్లు. ఇటలీ బాంబర్‌ సవోయా-79 సైతం గ్లాడియేటర్‌ కంటే వేగంగా పోగలదు.

అయినా జూన్‌ 22న బర్జెస్‌, ఆయన సహచరుడు వుడ్స్‌ కలిసి ఫొటోలు తీయడానికొచ్చిన ఓ సవోయాను కూల్చారు. మర్నాడు బర్జెస్‌కు ఎదురైంది మకీ-200. అది పైనుంచి దూకేది, వేగం ఆపుకోలేక ముందుకు దూసుకుపోయేది. గ్లాడియేటర్‌ మాత్రం ఇరుకైన మలుపు తిరిగి దాని పక్కకు గురిపెట్టేది. చివరికి మకీయే కూలింది. దాని పైలట్‌ పారాచూట్‌తో సముద్రంలో దిగి బందీ అయ్యాడు.

గ్లాడియేటర్లకు దక్కిన ఇంకో వరం రాడార్‌. దీవి పడమటి అంచున డింగ్లీ కొండల మీద 1939లోనే బ్రిటిష్‌వారు దాన్ని ఏర్పాటు చేశారు. శత్రువు సిసిలీ దాటుతుండగానే కబురందేది. నెమ్మదిగా ఎక్కే గ్లాడియేటర్‌కు ఆ కొద్ది నిమిషాలే ప్రాణం. ఎదుటివైపు ఫియట్‌ సీఆర్‌-42 ఫైటర్లలో చాలావాటికి రేడియో కూడా లేదు. పక్కవాడికి ప్రమాదం చెప్పాలంటే రెక్కలూపాల్సిందే.

అలాగని అన్నీ విజయాలే కావు. తొలిరోజే ఒక మకీని కూల్చామని చెప్పుకున్నారు కానీ, ఇటలీ రికార్డుల ప్రకారం ఆ రోజు వారికి ఒక్క మకీ కూడా నష్టం కాలేదు. హోరాహోరీలో పొగ కక్కుతూ కిందికి దిగిన ప్రతి విమానమూ కూలినట్టే కనిపిస్తుంది. ఇరువైపులా ఇలాంటి పొరపాట్లు మామూలే. జులై 16న సీఆర్‌-42తో తలపడిన ఒక హరికేన్‌ నేలకూలి పైలట్‌ కీబుల్‌ మరణించారు. మాల్టా గగనరక్షణలో ప్రాణాలిచ్చిన తొలి బ్రిటిష్‌ పైలట్‌ ఆయనే. జులై 31న ఓ గ్లాడియేటర్‌ మంటల్లో చిక్కుకుంది. పైలట్‌ హార్ట్‌లీ తీవ్రంగా కాలినా బతికి బయటపడ్డారు. అదే పోరులో ఇటలీ కెప్టెన్‌ కియోడి చనిపోయారు.

వేగం ఒక్కటే చాలదు

ఇప్పుడు 1941కి వద్దాం. అప్పటికి గ్లాడియేటర్ల స్థానంలో హరికేన్లు వచ్చేశాయి. వేగం గంటకు 510 కిలోమీటర్ల పైమాటే. ఇక భయం లేదనుకుంటుండగా ఫిబ్రవరిలో సిసిలీలోని జేలాకు జర్మన్లు దిగారు. ఒకే ఒక్క స్క్వాడ్రన్‌, నాయకుడు ముంచెబెర్గ్‌. వారి మెషర్‌ష్మిట్‌-109 వేగం దాదాపు 570. హరికేన్‌తో తేడా 60 కిలోమీటర్లే. గ్లాడియేటర్‌కూ మకీకీ ఉన్న తేడా కన్నా తక్కువ!

ఫలితం మాత్రం తలకిందులైంది. జూన్‌లో వెళ్లిపోయేలోగా ఆ స్క్వాడ్రన్‌ నలభైకి పైగా విమానాలను కూల్చినట్టు లెక్క చెప్పింది. పోరులో తాను ఒక్కదాన్నీ పోగొట్టుకోలేదు.

ఎందుకిలా? జర్మన్లు మలుపుల పోటీకి దిగలేదు. ఎత్తున సూర్యుణ్ని వీపున పెట్టుకుని కాచుకునేవారు. ఒక్క దూకు దూకి, కాల్చి, మళ్లీ పైకి వెళ్లిపోయేవారు. ఇద్దరిద్దరు జతగా, ఎడంఎడంగా ఎగిరేవారు. మెషర్‌ష్మిట్‌ ఇంజనుకు ఇంధనం నేరుగా చిమ్మే ఏర్పాటు ఉండేది. హరికేన్‌ది కార్బురేటర్‌. ముక్కు ఒక్కసారిగా కిందికి వంచితే ఇంధనం అందక ఇంజను క్షణకాలం తడబడేది. ఆ క్షణంలోనే శత్రువు చేజారిపోయేవాడు.

నేలమీదే సగం యుద్ధం

నష్టాల లెక్కలో అసలు బాధ గాలిలో పోయినవాటిది కాదు. 1940 నవంబరు 17న ‘ఆర్గస్‌’ నౌక నుంచి మాల్టాకు 12 హరికేన్లు బయల్దేరాయి. ఇటలీ నౌకాదళం భయంతో వాటిని చాలా దూరం నుంచే పంపారు. దీవి చేరింది నాలుగే. మిగిలిన ఎనిమిదీ ఇంధనం అయిపోయి సముద్రంలో పడిపోయాయి. శత్రువు ఒక్క తూటా కూడా కాల్చలేదు!

1942 ఏప్రిల్‌ నెలలో ఈ బుల్లి దీవి మీద 6,700 టన్నులకు పైగా బాంబులు పడ్డాయి. ఆ నెల 20న అమెరికా నౌక ‘వాస్ప్‌’ నుంచి 46 స్పిట్‌ఫైర్లు వచ్చాయి. మెషర్‌ష్మిట్‌కు దీటైన విమానాలవి. కానీ దిగిన కాసేపటికే బాంబర్లు వచ్చిపడ్డాయి. కొద్దిరోజుల్లోనే వాటిలో చాలావరకు నేలమీదే పాడైపోయాయి.

మే 9న మళ్లీ సుమారు 60 స్పిట్‌ఫైర్లు వచ్చాయి. ఈసారి దీవి సిద్ధంగా ఉంది. సున్నపురాళ్లతో, మట్టి నింపిన పెట్రోలు డబ్బాలతో ఒక్కో విమానానికీ గోడలు కట్టి ఉంచారు. విమానం దిగగానే మెకానిక్కులు, సైనికులు చుట్టుముట్టేవారు. డబ్బాలతో ఇంధనం పోసి, తూటాలు నింపేవారు. ప్రయాణించి వచ్చిన పైలట్‌ దిగితే, మాల్టా ఆకాశం ఎరిగిన పైలట్‌ ఎక్కేవాడు. పది నిమిషాలు తిరగకుండానే కొన్ని మళ్లీ గాల్లో ఉన్నాయి. మర్నాడు దాడికొచ్చిన జర్మన్లకు స్పిట్‌ఫైర్ల గుంపులు ఎదురయ్యాయి. కథ మలుపు తిరిగింది అక్కడే. విమానం పాతదే, మారింది నేలమీది ఏర్పాటు.

ఇంతకీ ఆ మూడు?

నిజానికి 1940లో మాల్టా వాడిన గ్లాడియేటర్లు కనీసం ఆరు. ఒకదాని భాగాలు ఇంకోదానికి బిగిస్తూ మూడు, నాలుగింటిని ఎగిరేలా ఉంచేవారు. ఒకదానికైతే బ్లెన్‌హీమ్‌ బాంబర్‌ ఇంజనునే అమర్చారు. ఫెయిత్‌, హోప్‌, చారిటీ అన్న పేర్లు ఆనాటి పైలట్లు పెట్టినవి కావు, ఆ తర్వాత ప్రచారంలోకి వచ్చినవి. అయినా ఆ పేర్లు నిలిచిపోయాయి. షెల్టర్లలో రాత్రులు గడిపిన జనానికి అవి అవసరమయ్యాయి మరి. యుద్ధంలో దాదాపు 1,500 మంది పౌరులు చనిపోయారు. దీవి మొత్తానికీ 1942లో బ్రిటన్‌ రాజు ఇచ్చిన జార్జ్‌ క్రాస్‌ ఇప్పటికీ మాల్టా జెండాపై కనిపిస్తుంది.

1943 సెప్టెంబరులో వలెట్టాలోని ప్యాలెస్‌ స్క్వేర్‌లో ‘ఫెయిత్‌’ను మాల్టా ప్రజలకు అప్పగించారు. నాటి వైమానిక స్థావరం తా’ఆలీ ఇప్పుడు పార్కు, ఫుట్‌బాల్‌ స్టేడియం. అక్కడి వైమానిక మ్యూజియంలో హరికేన్‌, స్పిట్‌ఫైర్‌ చూడొచ్చు. మాల్టా వెళ్లేవారు రెండు చోట్లా ఆగితే మంచిది. మూడు విమానాల కథ సెయింట్‌ ఎల్మోలో వినిపిస్తుంది. ఆ మూడింటినీ ఎగరనిచ్చిన వారంతా గుర్తుకొచ్చేది మాత్రం తా’ఆలీలో... డింగ్లీ రాడార్‌ వాళ్లు, రాళ్లు మోసినవాళ్లు, పెట్రోలు డబ్బాలతో పరుగెత్తినవాళ్లు!