మన సంఘం వెబ్‌సైటు తాళాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయి?

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. శుక్రవారం బట్టలు ఉతుక్కుని, బిర్యానీ తిన్నాక తీరిగ్గా చదవండి.

కువైట్లో మన జిల్లావాళ్ళు కలిసి పెట్టుకున్న సంఘాల్లో కొన్నిటికి ఇప్పుడు వెబ్‌సైట్లు ఉన్నాయి. కొందరు ఊర్లో తమ్ముడి షాపుకో, గుడి కమిటీకో ఇక్కణ్ణుంచే డబ్బు కట్టి సైటు పెట్టించారు. రంగు బాగుందా, ఫోటో పెద్దగా కనపడుతోందా అని అందరూ అడుగుతారు. పాస్‌వర్డ్ ఎవరెవరి దగ్గర ఉంది అని మాత్రం ఎవరూ అడగరు. నేను పగలు ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్ని, రాత్రిపూట ఇలాంటి సైట్లు ఒకటి రెండు చూసిపెడుతుంటాను. నేను అడిగినప్పుడల్లా వచ్చే జవాబు ఒకటే. "గ్రూపులో పెట్టాం కదన్నా, అందరి దగ్గరా ఉంది."

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. హోస్టింగ్ అంటే ఎక్కడో ఉన్న కంప్యూటర్లో మనం అద్దెకు తీసుకున్న జాగా. ఆ జాగాకి పెద్ద తాళం సీప్యానెల్ లాంటి కంట్రోల్ ప్యానెల్ లాగిన్. అది చేతిలో ఉంటే ఫైళ్ళు, మెయిళ్ళు, డేటాబేసు అన్నీ ఉన్నట్టే. ఎఫ్‌టీపీ అనేది సామాను లోపలికి, బయటికి మోసుకునే వెనక గుమ్మం. ఫైల్‌జిల్లా లాంటి ప్రోగ్రాంతో ఆ గుమ్మం నుంచే ఫైళ్ళు ఎక్కిస్తాం, దించుతాం. వర్డ్‌ప్రెస్ లాగిన్ ముందువైపు కౌంటర్. మూడూ వేరు. తిరకాసు ఎక్కడంటే, సీప్యానెల్ ఉన్న హోస్టింగ్ తీసుకోగానే వచ్చే మొదటి ఎఫ్‌టీపీ పేరు, పాస్‌వర్డు, సీప్యానెల్ పేరు, పాస్‌వర్డు ఒకటే. "ఫోటోలు ఎక్కిస్తా, ఎఫ్‌టీపీ ఇవ్వన్నా" అన్నవాడికి అది ఇచ్చామంటే, ఒక రూము తాళం అడిగితే బిల్డింగు మొత్తం తాళాలగుత్తి చేతిలో పెట్టినట్టు.

ఏడాది కిందట ఒక సంఘంవాళ్ళు నన్ను పిలిచారు. పొద్దున లేచేసరికి వాళ్ళ సైటు తెరిస్తే బెట్టింగ్ పేజీకి పోతోంది. తొమ్మిది మంది దగ్గర ఒకే పాస్‌వర్డ్, అదీ మొదటి రోజున వచ్చిన పెద్ద తాళమే. బ్యాకప్ ఉంది కాబట్టి సైటు ఆ రాత్రికే లేచింది. అది పెద్ద కష్టం కాలేదు. కష్టమంతా మనుషుల దగ్గర వచ్చింది. అంతకు నెల ముందే ఆ తొమ్మిది మందిలో ఒకతను అకామా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఇంటి డ్రైవర్‌గా పనిచేసినవాడు. డెడ్ బాడీ ఇంటికి పంపడానికి వసూలు చేసిన చందా లెక్కల దగ్గర మాటా మాటా వచ్చి వెళ్ళాడు. ఇంకేముంది, "వాడే చేశాడు" అన్నారు. వాయిస్ మెసేజీలు ఊరిదాకా పోయాయి.

నేను ఎఫ్‌టీపీ లాగ్ తీసి చూశాను. అందులో టైమూ, ఎక్కించిన ఫైలు పేరూ, ఎక్కడినుంచి వచ్చారో ఆ ఐపీ అడ్రసూ, యూజర్ పేరూ ఉంటాయి. యూజర్ పేరు తొమ్మిది మందిదీ ఒకటే. ఐపీ అడ్రస్ యూరప్‌లో ఎవరో అద్దెకిచ్చే సర్వర్‌ది. మనలో వీపీఎన్ వాడని వాడెవడో చెప్పండి, కాబట్టి దానివల్ల కూడా ఏమీ తేలదు. ఆ తొమ్మిది మందిలో ఒకాయన ల్యాప్‌టాప్‌లో దొంగ విండోసు, దాంట్లోనే ఫైల్‌జిల్లాలో పాస్‌వర్డ్ దాచి ఉంది. మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టకపోతే ఫైల్‌జిల్లా ఆ పాస్‌వర్డ్‌ని తేలిగ్గా చదవగలిగే రూపంలో ఒక మామూలు ఫైల్లో ఉంచుతుంది. వైరస్సులు వెతికేది అలాంటి ఫైళ్ళనే. నాకైతే దారి అదే అయ్యుండొచ్చని అనుమానం. రుజువు మాత్రం లేదు. అతను చేశాడని చెప్పలేను, చేయలేదని చూపించనూ లేను. ఇంటికెళ్ళినతను ఫోను ఎత్తడం మానేశాడు. అతని భార్య నంబరుకి కూడా ఎవరో మెసేజ్ పెట్టారట.

అందుకే చెప్తున్నా, వేరువేరు లాగిన్లు ఇవ్వడం నమ్మకం లేక చేసే పని కాదు. "నన్ను నమ్మవా అన్నా?" అని మనోళ్ళు చిన్నబుచ్చుకుంటారు, నాకు తెలుసు. నమ్ముతున్నాను కాబట్టే నీ పేరు మీద వేరే లాగిన్ ఇస్తున్నా తమ్ముడూ. రేపు ఏదైనా అయితే నీ పేరు మీద ఏం జరిగిందో, ఏం జరగలేదో లాగ్‌లో ఉంటుంది. ఇక్కడ సంతకం లేకుండా సైటులోంచి ఒక డ్రిల్లింగ్ మెషిన్ బయటికి పోదు, స్టోర్‌కీపర్ మంచివాడైనా సరే. మంచివాడు కాబట్టే ముందు అతనే సంతకం అడుగుతాడు.

సీప్యానెల్లో ఎఫ్‌టీపీ అకౌంట్స్ అనే చోట కొత్త లాగిన్ చేయడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. పేరు, పాస్‌వర్డు, డైరెక్టరీ, కోటా అని గడులు ఉంటాయి. ముఖ్యమైనది డైరెక్టరీ గడి. అక్కడ ఏ ఫోల్డర్ రాస్తే ఆ మనిషికి అదే ఇల్లు, దాని పైకి వెళ్ళలేడు. దాని లోపల ఉన్నవన్నీ మాత్రం అతనివే. ఆ గడిలో సీప్యానెల్ తనంతట తానే ఒక ఫోల్డర్ పేరు నింపుతుంది. దాన్ని చెరిపేసి పైనున్న పెద్ద ఫోల్డర్ రాసేస్తే, వేరే లాగిన్ ఇచ్చి కూడా ఫైళ్ళన్నీ అప్పజెప్పినట్టే. కోటా గడిలో కూడా ఒక అంకె వేయండి. ఎవరైనా పెళ్ళి వీడియో మొత్తం ఎక్కిస్తే జాగా నిండిపోయి మెయిళ్ళు ఆగిపోయిన సంగతి నేను చూశాను.

ఇంకో మాట. ఎఫ్‌టీపీ అడిగినవాళ్ళలో ఎక్కువమందికి అసలు ఎఫ్‌టీపీ అక్కర్లేదు. ఉగాది ఫంక్షన్ ఫోటోలు పెట్టాలి, నాలుగు వాక్యాలు రాయాలి, అంతేగా. దానికి వర్డ్‌ప్రెస్‌లో ఆథర్ అనే హోదా చాలు. తన పోస్టు తాను రాసుకుంటాడు, ఫోటోలు ఎక్కిస్తాడు, ఇంకొకరి పోస్టు ముట్టుకోలేడు. కాంట్రిబ్యూటర్ హోదా ఇస్తే రాయగలడు గానీ, తనంతట తాను పబ్లిష్ చేయలేడు, ఫోటోలు ఎక్కించలేడు. అందరి పోస్టులూ దిద్దే పెద్దమనిషికి ఎడిటర్ ఇవ్వండి. అడ్మినిస్ట్రేటర్ హోదా ఇద్దరికి మించి ఎందుకో నాకు అర్థం కాదు. ఒక సంఘంలో అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, గౌరవాధ్యక్షుడు అందరూ అడ్మిన్లే. పదవికీ సైటుకీ ఏం సంబంధం?

ఫోల్డర్ గీసి ఇచ్చాం కదా, ఇక భయం లేదు అనుకోవద్దు. వెబ్‌సైటు ఫోల్డర్లో ఎక్కడైనా ఫైలు రాయగలిగినవాడు ఒక పీహెచ్‌పీ ఫైలు ఎక్కించగలడు. ఆ ఫైలుని బ్రౌజర్లో తెరిస్తే అది మామూలుగా మన అకౌంట్ పేరు మీదే నడుస్తుంది, పక్క ఫోల్డర్లు కూడా చదవగలదు. అంటే ఆ గీత పొరపాటున చేయి తగలకుండా ఆపుతుంది, దొంగని ఆపదు. కాబట్టి ఎఫ్‌టీపీ ఇచ్చే మనుషులు తక్కువ ఉంటేనే మంచిది.

పర్మిషన్ల అంకెలు చూసి భయపడేవాళ్ళు ఉన్నారు. మూడు అంకెలు: మొదటిది యజమానికి, రెండోది గుంపుకి, మూడోది మిగతా అందరికీ. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఫోల్డర్ విషయంలో ఆ 1 అంటే లోపలికి అడుగు పెట్టడం. కూడితే ఫోల్డర్లకి 755, ఫైళ్ళకి 644 మామూలు లెక్క. డేటాబేసు పాస్‌వర్డ్ ఉండే డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైలుకి ఇంకా బిగించి 600 గానీ 640 గానీ పెడతారు. ఫోటో ఎక్కకపోతే యూట్యూబులో ఎవరో చెప్పారని 777 పెట్టేవాళ్ళు ఉన్నారు. అదే సర్వర్లో ఉన్న ఎవరైనా వచ్చి రాసుకోవచ్చని బోర్డు పెట్టడం అది. చాలా షేర్డ్ హోస్టింగుల్లో దాని అవసరమే ఉండదు, కొన్నిట్లో అయితే 777 చూడగానే సర్వరే ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది.

ఇప్పుడు నా గుండె ఆగినంత పనైన సంగతి. ఆ సంఘం సైటులోనే పబ్లిక్-హెచ్‌టీఎంఎల్ అనే ఫోల్డర్ లోపల "కేసులు" అని ఒక ఫోల్డర్ ఉంది. జీతం రాని వాళ్ళవి, ఇంట్లో పని దగ్గర కష్టాల్లో పడ్డ ఆడవాళ్ళవి, చనిపోయినవాళ్ళవి, అందరి పాస్‌పోర్టు కాపీలూ, బతాకా కాపీలూ అందులోనే. పర్మిషన్లు 755, 644, సరిగ్గానే ఉన్నాయి. అయినా అడ్రస్ తెలిస్తే ప్రపంచంలో ఎవరైనా తెరవొచ్చు, ఎందుకంటే పబ్లిక్-హెచ్‌టీఎంఎల్‌లో ఉన్నదాన్ని లోకానికి చూపించడమే సర్వర్ పని. ఫోల్డర్ జాబితా చూపించడం ఆపకపోవడంతో అడ్రస్ కొడితే పేర్లతో సహా వరుసగా కనపడుతున్నాయి. కఫీల్‌కి తెలియకుండా కంప్లైంటు పెట్టిన అక్క పాస్‌పోర్టు కాపీ అలా బయట ఉంటే ఏమవుద్దో నేను మీకు చెప్పక్కర్లేదు. ఆ రాత్రే ఫోల్డర్ని పబ్లిక్-హెచ్‌టీఎంఎల్ బయటికి జరిపాను, ఎవరి ఎఫ్‌టీపీకీ అందకుండా. తర్వాత పాత కేసుల కాగితాలు సర్వర్ మీదనుంచే తీసేయించాను. మీ సంఘం సైటులో అలాంటి ఫోల్డర్ ఉందేమో ముందు అది చూడండి, మిగతావి రేపు చూసుకోవచ్చు.

ఎఫ్‌టీపీ వెనక మనవాడొకాయన ఉన్నాడని తెలుసా? అభయ్ భూషణ్. ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్, అమెరికా వెళ్ళి ఎంఐటీలో ఉండగా 1971 ఏప్రిల్‌లో మొదటి నమూనా రాశాడు. అప్పుడు ఆ నెట్‌వర్క్‌లో ఉన్నవి కొద్దిపాటి విశ్వవిద్యాలయాలూ పరిశోధనా కేంద్రాలే, ఒకే క్యాంపులో ఉన్నట్టు అందరికీ అందరూ తెలుసు. అందుకే కాబోలు పాస్‌వర్డ్ దాచి పంపే ఏర్పాటు అందులో లేదు. మామూలు ఎఫ్‌టీపీలో ఈరోజుకీ పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టు వైరు మీద పోతుంది. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ దీన్ని తీసేశాయి. మనమేమో మహబూలాలో బిల్డింగు మొత్తానికీ ఒకే వైఫై పెట్టుకుని, దాని మీదే సంఘం సైటులోకి పోతుంటాం. ఫైల్‌జిల్లాలో సైట్ మేనేజర్ తెరిచి, ఎన్‌క్రిప్షన్ దగ్గర "రిక్వైర్ ఎక్స్‌ప్లిసిట్ ఎఫ్‌టీపీ ఓవర్ టీఎల్‌ఎస్" అన్నది ఎంచుకోండి. మొదట ఉండే సెట్టింగు "వీలుంటే" అని మాత్రమే, వీలు లేకపోతే మామూలుగానే పోతుంది. 22 నంబర్ పోర్టు మీద నడిచే ఎస్‌ఎఫ్‌టీపీ కూడా భద్రమైనదే గానీ, సీప్యానెల్లో అది పెద్ద అకౌంట్‌కే పనిచేస్తుంది, మనం చేసిచ్చిన చిన్న లాగిన్లకి పనిచేయదు. లాగాన్ టైపు దగ్గర "ఆస్క్ ఫర్ పాస్‌వర్డ్" పెడితే పాస్‌వర్డ్ కంప్యూటర్లో మిగలదు. ప్రతిసారీ కొట్టాలి, చిరాకే. కొట్టండి.

ఎవరైనా క్యాన్సిల్ చేసుకుని వెళ్తుంటే, ఎయిర్‌పోర్టుకి దింపడానికి ముందు వారమే వాళ్ళ లాగిన్ తీసేయండి. "ఫలానా తేదీన ఈయన యాక్సెస్ తీసేశాం, ఈయన పని అప్పజెప్పేశాడు" అని గ్రూపులో తేదీతో సహా రాయండి, థాంక్స్ చెప్పి మరీ. ఆ తేదీ తర్వాత ఏం జరిగినా ఎవడూ అతని ఇంటికి ఫోను చేయలేడు. సీప్యానెల్లో డిలీట్ నొక్కినప్పుడు జాగ్రత్త. ఆ లాగిన్ ఫోల్డర్ని కూడా తీసేయాలా అని పక్కన ఒక టిక్కు గడి ఉంటుంది. అది టిక్కు పెడితే మనిషితోపాటు అతను అయిదేళ్ళుగా ఎక్కించిన ఫోటోలన్నీ పోతాయి. గడి ఖాళీగా వదిలేసి, లాగిన్ మాత్రం తీయండి.

రేపు పొద్దున నాలుగున్నరకే బస్సు. ఉంటాను.